ఫ్రెంచి చిత్రకారులును, అరాజకవాదమును

కవితకు వస్తువు ప్రధానమా, శిల్పము ప్రధానమా యను వాదము మన సాహిత్యములో చిరకాలముగా నున్నదే. లోకమును మార్చగోరు కళాకారుడు బీదల కష్టములను వర్ణించిన జాలునా, లేక తన కళాపద్ధతినే మార్చవలెనా? 1890 ప్రాంతమున ఫ్రాన్సుదేశములో ఈ ప్రశ్న గోష్ఠులను దాటి న్యాయస్థానపు మెట్లెక్కినది. ఆ వృత్తాంతమును నేడు శ్రోతలకు మనవి చేసెదను.

1871లో పారిస్ నగరమున ప్రజలు స్థాపించిన కమ్యూను ప్రభుత్వమును సైన్యము రక్తపాతముతో నణచివైచినది. అందు పాల్గొనిన కూర్బే యను చిత్రకారుడు చెరసాల ననుభవించి, పరదేశమున మరణించెను. తరువాతి తరమువారు కొందఱు ప్రభుత్వములయందే నమ్మకమును కోల్పోయిరి. పాలకుడును పాలితుడును లేక, మనుష్యులు స్వేచ్ఛగా పరస్పరసహాయముతో జీవింపగలరని వారి విశ్వాసము. దీనికే అరాజకవాద మని పేరు. పిసారో, సిన్యాక్, ల్యూస్ అను చిత్రకారు లిట్టివారు.

వీరి చిత్రరచనాపద్ధతియు క్రొత్తది. రంగులను పలకపై కలుపక, శుద్ధవర్ణములను చిన్నచిన్న చుక్కలుగా ప్రక్కప్రక్కనే యుంచెదరు. దగ్గఱనుండి చూచిన చుక్కలే కానవచ్చును. దూరమునుండి చూచిన వెలుగు, నీరు, చెట్టు గోచరించును. 1886లో ఫెలిక్స్ ఫెనెయాన్ అను విమర్శకుడు ఈ పద్ధతికి నియో ఇంప్రెషనిజ మని నామకరణము చేసెను. ఏ చుక్కయు తన రంగును కోల్పోదు, అయినను అన్నియు కలిసి యొక సామరస్య మేర్పడును. వారు కోరిన సంఘముగూడ నిట్టిదే కదా యని నాకు తోచుచుండును.

1889లో పిసారో నగరజీవనములోని ఆకలిని, ధనదాహమును, ఆత్మహత్యలను కలముతో చిత్రించి యొక సంపుటము కూర్చెను. కాని దానిని ప్రకటింపక, తన బంధువులగు యువతుల కంపెను. లోకమున కాతడు చూపినవి పొలములలో పనిచేయు పల్లెజనుల చిత్రములు. 1891లో సిన్యాక్ అరాజకవాదుల పత్రికలో పేరు లేకుండ నొక వ్యాసము వ్రాసి, కష్టజీవుల బొమ్మలు వేయుటయే విప్లవము కాదనియు, పాతచూపును భంగపఱచు కళ తనంతట తానే విప్లవకార్యము చేయుననియు వాదించెను.

ఇంతలో మాటల కాలము పోయి బాంబుల కాలము వచ్చెను. 1893 డిసెంబరు 9వ తేదీన వైయా యనువాడు శాసనసభలో బాంబు విసరెను. ఎవరును మరణింపకున్నను పలువురు గాయపడిరి. ప్రభుత్వము పత్రికలను బంధించు కఠినశాసనములు చేసి, వైయాను 1894 ఫిబ్రవరిలో వధించెను. బాంబు పడిన నాటి రాత్రియే లొరాన్ తైలాడ్ అను కవి, చేష్ట సుందరమైనచో హతులను గూర్చి విచారమేల యని పలికియుండెను. 1894 ఏప్రిలు 4వ తేదీన సెనేటు భవనము చెంత ఫ్వాయో భోజనశాల కిటికీవద్ద పూలకుండిలో దాచిన బాంబు ప్రేలినది. ఆ సమయమున లోపల భుజించుచున్న తైలాడ్ ఒక కన్ను కోల్పోయెను!

అనుమానము ఫెనెయాన్‌పైకి మరలెను. పగలు యుద్ధమంత్రి కార్యాలయములో గుమాస్తాగా పనిచేసి, తక్కిన వేళల కళావిమర్శ వ్రాయువా డితడు. కార్యాలయమున నాతని గదిలోనే బాంబులను ప్రేల్చు సాధనములు దొరకినవి. జూనులో దేశాధ్యక్షుడు కార్నో హత్యకు గురికాగా భయము మిన్నుముట్టెను. పిసారో బెల్జియమునకు పోయెను. ల్యూసును మజాస్ చెరసాలలో బంధించిరి. ఆగస్టులో ముప్పదిమందిపై విచారణ జరిగినది. సిద్ధాంతకారులను, పత్రికాకర్తలను, దొంగలను ఒకే కుట్రగా జతపఱచుట ప్రభుత్వపు పన్నాగము. ఒక అరాజకవాదితో దీపస్తంభము వెనుక మాటలాడుచు కనబడితివే యని న్యాయాధిపతి యడుగగా, గుండ్రని స్తంభమునకు వెనుక యేదియో చెప్పవలసినదని ఫెనెయాన్ మెల్లగా ప్రత్యుత్తర మిచ్చెను. మహాకవి మలార్మే యతని పక్షమున సాక్ష్యము పలికెను. ఆగస్టు 12న జ్యూరీ దొంగతనము చేసిన ముగ్గురిని మాత్రము దోషులుగా నిర్ణయించి, తక్కినవారిని విడిచిపుచ్చెను. ఫెనెయాన్ ఉద్యోగము పోయినది. ఫ్వాయో బాంబు నాతడే యుంచెనని తరువాతి చరిత్రకారులు కొందఱు తలచిరి. కాని న్యాయస్థానమున నది రుజువు కాలేదు.

ఈ తీర్పులో నాకు రెండు పాఠములు కానవచ్చుచున్నవి. భావములను నేరముగా చేయు శాసనము సామాన్యప్రజల జ్యూరీయెదుట నిలువలేకపోయినది. ఇది రాజ్యమునకు పాఠము. కవికిని పాఠము కలదు. కావ్యమును కొలుచు సౌందర్యమను కొలతతో నెత్తుటిని కొలువరాదు. తైలాడ్ కన్ను పోవుట దైవశిక్ష యని నేననను. కాని హతు లెవరైన నేమి యనుకొనువానికి, ఆ హతుడు తానే కావచ్చునని తోచకపోవుట కల్పనాశక్తి లోపము. కవి కది చిన్నలోపము కాదు.

సిన్యాక్ ఆ కల్లోలదినములలోనే యొక పెద్ద చిత్రము వేయుచుండెను. సముద్రతీరమున శ్రామికులు పండ్లు కోయుచు, చదువుకొనుచు, బిడ్డలతో నాడుచు నుందురు. స్వర్ణయుగము గతించినది కాదు, రానున్నదని యాతని భావము. తొలుత దానికి అరాజకకాలమున అని పేరిడదలచి, శాసనముల భయముచే సామరస్యకాలమున అని మార్చెను. చిత్రము 1895లో పూర్తియైనది. ఆతని మరణానంతరము, 1938లో, పారిస్ చెంతనున్న మోంత్రెయ్ పురభవనమునకు చేరినది. బాంబులు కూల్చదలచిన రాజ్యము కూలలేదు; ఆ చుక్కలు చూపిన కల మాత్రము పౌరులు వచ్చిపోవు భవనమున నిలిచియున్నది.