బోలు గోళంలోని శూన్యం

ఆవేశం సమంగా పరచుకున్న బోలు గోళం లోపల విద్యుత్ క్షేత్రం, అంటే ప్రమాణ ధనావేశంపై పనిచేసే బలం, శూన్యమని నేటి ఇంటర్మీడియట్ విద్యార్థి గాస్ నియమం సాయంతో మూడు నాలుగు పంక్తుల్లో నిరూపించగలడు. ఆ నిరూపణ అంత క్లుప్తంగా కుదరడానికి దాదాపు 150 ఏళ్లు పట్టింది.

ఈ ఫలితం మొదట గురుత్వాకర్షణకు సంబంధించి పుట్టింది. 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’లో న్యూటన్ బోలు గోళం లోపలి ఒక బిందువు నుంచి ఎదురెదురు దిక్కులకు రెండు సన్నని శంకువులను ఊహించి, అవి గోళంపై కత్తిరించే వైశాల్యం దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుండగా ఆకర్షణ అదే వర్గాన్ని బట్టి తగ్గుతుంది గనుక ఇరువైపుల లాగుడూ సరితూగి రద్దవుతుందని చూపాడు.

విద్యుద్బలం దూరంతో ఎలా మారుతుందో ఇంకా తేలని కాలంలో ఈ తర్కాన్నే పండితులు తిరగేసి వాడుకున్నారు. ఆవేశపరచిన వెండి పాత్రలోకి దించిన కార్కు బంతి దాని గోడల వైపు ఆకర్షితం కాలేదని ఫ్రాంక్లిన్ గమనించగా, 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ, లోపల బలం లేదంటే విద్యుత్తు కూడా విలోమ వర్గ నియమాన్నే పాటించాలని ఊహించాడు. 1773 నాటికి హెన్రీ కావెండిష్ ఒక గోళాన్ని రెండు అర్ధగోళాల మధ్య ఉంచి, లోపలిదాన్నీ బయటివాటినీ తీగతో కలిపి ఆవేశపరచి, తీగ తీసేసి, అర్ధగోళాలను విడదీసి పరీక్షించినప్పుడు లోపలి గోళంపై ఆవేశం జాడ కనిపించలేదు. దూరపు ఘాతాంకం 2 నుంచి 1/50 కంటే ఎక్కువ తేడాతో ఉండజాలదని ఆయన లెక్కకట్టాడు. ఆ ఫలితాన్ని ఆయన ప్రకటించనందున, 1785లో విమోటన త్రాసుతో బలాన్ని నేరుగా కొలిచిన కూలుం పేరే నియమానికి నిలిచింది. కావెండిష్ రాతప్రతులను మాక్స్‌వెల్ 1879లో గాని వెలుగులోకి తేలేదు.

1773లోనే లగ్రాంజ్ ఆకర్షణ లెక్కల్లో తాకిన సూత్రాన్ని, గాస్ 1835లో విద్యుత్తుకు అనువైన రూపంలో నిలిపాడు: ఏ సంవృత తలం నుంచైనా వెలువడే అభివాహం, అంటే తలాన్ని దాటే క్షేత్రపు మొత్తం, లోపలి ఆవేశానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఈ నియమం ప్రతి తలానికీ వర్తించినా, క్షేత్రాన్ని సులువుగా రాబట్టడానికి సౌష్ఠవం తోడు కావాలి. గోళం, అనంతమైన స్తూపం, అనంతమైన సమతలం వంటి ఆకారాల్లో తగిన తలాన్ని ఎంచుకుంటే, దానిలో అభివాహం దాటే భాగమంతటా క్షేత్రం ఒకే పరిమాణంలో ఉంటుంది గనుక, సమాకలనం కేవలం గుణకారంగా మారుతుంది. అందువల్లనే గోళం బయట క్షేత్రం దూరపు వర్గానికీ, స్తూపం బయట దూరానికీ విలోమంగా తగ్గగా, సమతలం దగ్గర దూరంతో నిమిత్తం లేకుండా ఉంటుంది. బోలు గోళం లోపల గీసిన తలంలో ఆవేశమే లేదు గనుక అక్కడ క్షేత్రం శూన్యం.

1936లో ప్లింప్టన్, లాటన్ ఒకదానిలో ఒకటి అమర్చిన గోళాలతోనే ఘాతాంకపు తేడాను వంద కోట్లలో 2 వంతుల లోపుకు కుదించారు. విద్యార్థి జవాబు చివర రాసే సున్నాయే విలోమ వర్గ నియమానికి అతి కఠినమైన పరీక్షగా నిలిచింది.