తుది ఔషధం, కొల్లేటి జలం

రాజరాజనరేంద్రుని తామ్రశాసనం ద్వారా చరిత్రకారులకు పరిచితమైన కలిదిండి, 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో చేరిన మండలకేంద్రం, నేడు చేపల, రొయ్యల చెరువుల నడుమ జీవిస్తున్నది. 1970ల చివర ఆరంభమై కొల్లేటి పరిసరాలను చెరువులమయం చేసిన పరిణామంలో బొచ్చెకూ శీలావతికీ తవుడు, వేరుశనగ చెక్క మేతలు కాగా, నీటిలో ప్లవకాలను వృద్ధి చేసే చౌక ఎరువుగా కోళ్ళపెంట స్థిరపడింది. వ్యర్థాన్ని ఆహారంగా మార్చే ఈ పద్ధతిని ఆనాడు వివేకమనే భావించారు. కోడి కడుపులోని సూక్ష్మజీవులూ ఆ పెంటతో నీట చేరుతాయని శంకించడానికి అప్పటికి తగిన కారణం కనబడలేదు.

ఆ కారణం అన్యత్ర రూపొందుతున్నది. 1940ల చివర జపానులో కనుగొన్న కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్, మూత్రపిండాలకూ నాడీమండలానికీ హాని చేస్తున్నదని తేలడంతో 1970ల నాటికి ఆసుపత్రులలో చాలావరకు మూలపడింది. వైద్యులు విడిచిన మందును పశుపోషణ విడువలేదు: రోగచికిత్సకే గాక, త్వరగా బరువెక్కడానికి కూడా మేతలో స్వల్ప మోతాదుల్లో కలపడం భారతదేశంతో సహా అనేక దేశాల్లో ఆనవాయితీ అయింది. ఇంతలో కార్బాపెనెమ్ అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లను నిర్వీర్యం చేసే బాక్టీరియా ఎంజైము ఎన్‌డీఎం-1 (న్యూఢిల్లీ మెటలో-బీటా-లాక్టమేజ్), ఢిల్లీలో చికిత్స పొంది 2008లో స్వీడన్ చేరిన రోగిలో బయటపడింది. రాజధాని పేరు పెట్టడంపై చెలరేగిన ఆగ్రహంలో కొంత న్యాయమున్నా, అది అసలు విషయాన్ని కొంతకాలం మరుగుపరచిందనక తప్పదు. గత్యంతరం లేని వైద్యులు కోలిస్టిన్‌ను మళ్ళీ చేపట్టేసరికి, దానికి లొంగని శక్తి జంతువులలోని బాక్టీరియాలో అప్పటికే పెంపొంది ఉన్నది.

2015 నవంబరులో చైనా పరిశోధకులు పందులలోనూ, మాంసంలోనూ, రోగులలోనూ ఎంసీఆర్-1 అనే జన్యువును గుర్తించారు. బాక్టీరియా బాహ్యపొరలోని రుణావేశాన్ని తగ్గించి కోలిస్టిన్ అంటుకోకుండా చేసే ఈ జన్యువు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ వలయంపై ఉండడంచేత, ఒక జాతి నుంచి మరొక జాతికి సులువుగా సంక్రమిస్తుంది. 2017లో వెల్లడైన, అదే కోవకు చెందిన ఎంసీఆర్-3కి ఏరోమోనాస్ అనే బాక్టీరియా జన్యువులతో సన్నిహిత సాదృశ్యం కనిపించడం మన ప్రాంతానికి విశేషంగా పట్టించుకోదగినది. మంచినీటి చేపలకు ఒంటిమీద ఎర్రని పుండ్లు రప్పించే బాక్టీరియా ఆ జాతివే.

2019 జులైలో కేంద్రప్రభుత్వం ఆహారజంతువులకు కోలిస్టిన్ తయారీ, విక్రయాలను నిషేధించింది. ఆలస్యమైనా సరైన నిర్ణయమది. అయితే పెట్టుబడికి అప్పు తెచ్చి, రోగమొస్తే రోజుల్లోనే చెరువంతా నష్టపోయే రైతుకు చాలాచోట్ల మందుల దుకాణమే వైద్యశాల. దోషమంతా అతనిపై మోపడం అన్యాయం. తమ్మిలేరు, బుడమేరు కొల్లేటిలోకి తెచ్చే నీటిలో ఊళ్ళ మురుగూ ఉన్నది. విదేశాలకు పోయే రొయ్య మాత్రం తనిఖీ ఎదుర్కొంటున్నది: 2016లో ఐరోపా సమాఖ్య భారతీయ సరుకులో నమూనాల పరీక్షను 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఆ పరీక్ష వెదికేది మందు అవశేషాలను. మందు కరిగిపోయాక కూడా బాక్టీరియాలో నిలిచిపోయే జన్యువును అది వెదకదు. మంచుగడ్డల మధ్య లారీలలో బెంగాలుకూ ఈశాన్య రాష్ట్రాలకూ వెళ్ళే కొల్లేటి చేపకు ఆపాటి తనిఖీ కూడా లేదు.