తాలా మూర్తి - చిత్రాన్వేషణము

బిలాస్‌పూరు రైల్వే పట్టణమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, మనియారీ నదీతీరమున, తాలా అను గ్రామము కలదు. అచ్చట దేవరానీ, జేఠానీ అని తోడికోడండ్ర పేర వ్యవహరింపబడు రెండు ప్రాచీన శివాలయముల శిథిలములున్నవి. 1987-88లో దేవరానీ ఆలయము చెంత దాదాపు తొమ్మిదడుగుల శిలామూర్తి యొకటి బయల్పడినది. ఇది క్రీ.శ. 6వ శతాబ్ది ప్రాంతపుదని పలువురి అభిప్రాయము.

ఈ మూర్తికి తలపాగ సర్పములు, నాసిక బల్లి, చెవులు నెమళ్ళు, మీసములు చేపలు, చుబుకము ఎండ్రకాయ, భుజములు మకరముఖములు. వక్షమునను, ఉదరమునను, తొడలయందును మానవముఖములు, మోకాళ్ళయందు సింహముఖములు. లోకము దీనిని రుద్రశివుడని పిలుచుచున్నది. పండితులలో మాత్రము ఏకాభిప్రాయము లేదు.

మన శిల్పులకు ధ్యానశ్లోకమే మార్గదర్శి. చేతులెన్ని, ఆయుధములేవి, వాహనమేది అని అది చెప్పును. ఆ గుర్తులను బట్టియే చూచువాడు దేవత నెరుగును. తాలా మూర్తి ఆ కొలతకు లొంగలేదు.

ఇట్టి చిత్రమును వేల చిత్రముల నడుమ భద్రపరచి, కోరినవారికి తిరిగి చూపుట ఎట్లు? 'రుద్రశివుడు' అని మాత్రమే వ్రాసినచో, మత్స్యరూపములను పరిశోధించువానికి ఇది దొరకదు. ఆ పేరు రేపు మారినచో ఎవ్వరికిని దొరకదు.

1939లో ఎర్విన్ పానోఫ్‌స్కీ అను కళాచరిత్రకారుడు చిత్రార్థమున మూడంతరువులను నిరూపించెను: కంటికి కనబడు వస్తువు, సంప్రదాయము తెలుపు విషయము, ఆ కాలపు భావజగత్తు. లైడెన్ ఆచార్యుడు వాన్ డె వాల్ చిత్రవిషయములకు అంకెలతోను, అక్షరములతోను సంకేతములను కూర్చెను; ఆ ఐకాన్‌క్లాస్ సంపుటములు 1973-85 నడుమ వెలువడెను. 1990 దశకమున ఐ.బి.ఎం. సంస్థవారి క్యూబిక్ పద్ధతి రంగును, ఆకృతిని బట్టి చిత్రములను వెదకెను. నేటి యంత్రములు లెక్కకు మిక్కిలి చిత్రములను, వానితోడి వ్రాతలను చూచి వస్తువులను గుర్తింప నేర్చుచున్నవి. వ్రాత తప్పినచో ఆ తప్పునే నేర్చును.

తాలా మూర్తి ముఖమున నున్నది నాసికయా, బల్లియా? రెండును నిజమే. కావున పట్టికయందు రెండును చేరవలెను; పేరు వేరొక వరుసలో, ఊహ యని గుర్తింపబడి యుండవలెను. బిలాస్‌పూరునుండి పిల్లలతో తాలాకు పోవు కుటుంబమునకు ఇది వింత గాదు. పెద్దలు దేవుని పేరడుగులోపల పిల్లలు చేపలను, నెమళ్ళను లెక్కించియే యుందురు.