దుప్పితోలు చొక్కా కుట్టిన చేతులు

పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలకు ఒక జవాబు నోటికి వచ్చు. దక్షిణ ధ్రువాన్ని మొదట చేరినవాడు రోల్డ్ అముండ్‌సెన్, 1911 డిసెంబరు 14న. అంత చలిలో తిరగడానికి ఎలాంటి బట్టలు కావాలో అతను ఎవరి దగ్గర నేర్చుకున్నాడని మాత్రం ఏ పరీక్షలోనూ అడగరు. ఆదివాసీ ఉపాధ్యాయులం, మనమే అడగాలి.

జవాబు ధ్రువం దగ్గర లేదు, కెనడా ఉత్తరాన కింగ్ విలియం ద్వీపంలో ఉంది. 1903 నుంచి 1905 వరకు అముండ్‌సెన్ ఓడ అక్కడే ఆగింది. అది నెట్సిలిక్ ఇన్యూట్ల నేల. అంతకు అరవై ఏళ్ల ముందు, 1845లో, ఇంగ్లండు నుంచి ఫ్రాంక్లిన్ నాయకత్వంలో వచ్చిన రెండు ఓడలు ఆ ద్వీపం దగ్గరే మంచులో చిక్కుకున్నాయి. 129 మందిలో ఒక్కరూ ఇల్లు చేరలేదు. చలి ఒక్కటే చంపలేదు, ఆకలీ రోగాలూ ఉన్నాయి. కానీ అదే చలిలో, అదే నేలమీద నెట్సిలిక్ తల్లులు పసిబిడ్డల్ని చొక్కా వీపు సంచిలో మోస్తూ బతుకుతూనే ఉన్నారు.

వాళ్ల బట్ట కారిబూ తోలు. కారిబూ అంటే ఆ మంచు దేశపు దుప్పి. ఏ తోలు ఎంచుకోవాలన్న దగ్గరే సగం విద్య ఉంది. వేసవి మొదట్లో వేటాడిన దుప్పితోలుకు ఈగపురుగులు చేసిన చిల్లులుంటాయి. నడి చలికాలపు తోలుకు వెంట్రుక మరీ పొడుగు, బరువెక్కువ, పడకకు పరచుకోవడానికి బాగుంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో దొరికిన తోలే బట్టలకు తగినది. అప్పటికి చిల్లులు మానిపోతాయి, వెంట్రుక కురచగా, ఒత్తుగా ఉంటుంది.

చొక్కాలు రెండు. లోపలి దాన్ని అతిగి అంటారు, దాని వెంట్రుక ఒంటివైపు ఉంటుంది. పైదాని వెంట్రుక బయటికి ఉంటుంది. వెంట్రుకల లోపలా గాలే, రెండు చొక్కాల మధ్యా గాలే. ఆ గాలే వెచ్చదనం. ఇది తరగతిలో చెప్పినప్పుడు ఒక పాప, "మాస్టారూ, మా అవ్వ చలికి కింద వరిగడ్డి పరుస్తుంది, అదీ ఇంతేనా?" అంది. అంతే. సైన్సు పాఠం ఆ పూటకి అక్కడే అయిపోయింది.

తల నుంచి కాలి దాకా మొత్తం బట్టల బరువు సుమారు నాలుగున్నర కిలోలే. వేటగాడు పరుగెత్తగలడు, వంగగలడు, గంటల తరబడి కదలకుండా కాచుకోగలడు. వదులుగా కుట్టడంలో ఇంకో మర్మం ఉంది. చలిదేశంలో చెమటే శత్రువు. చెమట పట్టిన ఉన్ని బట్ట మంచుగా గడ్డకడుతుంది. ఇన్యూట్ వేటగాడు ఒళ్లు వేడెక్కగానే తలమీది ముసుగు వెనక్కి తోస్తాడు, వేడి మెడ దగ్గర నుంచి పోతుంది. ఇల్లు చేరాక బట్టల మీది మంచును ఒక చిన్న కర్రతో కొట్టి దులుపుతారు. దులపకపోతే అది లోపల కరిగి తోలు తడుస్తుంది.

వేటకు ఏం సర్దుకోవాలన్న ఆలోచన వాళ్లకు నెలల ముందే మొదలయ్యేది. సముద్రపు మంచు మీద సీలు వేటకు వెళ్లాక కారిబూ తోలు కుట్టకూడదని నెట్సిలిక్‌ల నియమం. అందుకే ఆడవాళ్లు శరత్కాలంలో ఒకచోట చేరి, ఇంటిల్లిపాదికీ కుట్టడం ముగించేవారు. దారం దుప్పి వీపు నరమే. కుట్టు ఒక్కటి వదులైతే వేటగాడి వేళ్లు పోతాయి. అది వేటకు వెళ్లని పని అని ఎవరనగలరు?

అముండ్‌సెన్ సూదులు, కత్తులు ఇచ్చి ఈ బట్టలు తీసుకున్నాడు, వాటిని తొడుక్కునే పద్ధతీ నేర్చుకున్నాడు. తరువాత దక్షిణ ధ్రువ యాత్రకు అదే తీరులో తోలు బట్టలు కుట్టించుకున్నాడు. అతని గెలుపుకు కుక్కల బళ్లు, ముందుచూపు కూడా కారణాలే, అవి కాదనం. అయినా మన పిల్లలు బట్టీపట్టే పుస్తకాల్లో ఆ కుట్టిన స్త్రీల మాటే లేదు. చలికోటుకు అనోరాక్ అనే పేరు గ్రీన్‌లాండ్ ఇన్యూట్ల నుంచి వచ్చిందని కూడా మనకు చెప్పరు.

తరువాతి కాలంలో కెనడా ప్రభుత్వం ఇన్యూట్ పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి హాస్టలు బడులకు పంపింది. సూది పట్టడం నేర్చే వయసు అది. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆశ్రమ పాఠశాలల్లో చదివి, వాటిలోనే పాఠాలు చెబుతున్న మేము ఈ ముక్క చదివి కాసేపు పుస్తకం మూసేశాం.

మన దగ్గర 1972 చట్టం తరువాత దుప్పి వేట నేరం. ఇన్యూట్లకు వేట హక్కు 1993 నునావుట్ ఒప్పందంలోనే రాసి ఉంది. ఇప్పుడు అక్కడి బడుల్లో అవ్వలు వచ్చి పిల్లల పక్కన కూర్చుని, తోలు గీకడం, కుట్టడం నేర్పుతున్నారు.