సంగీత రచనలో స్నేహితుల పాత్ర: ప్రేరణ, బాణీ, స్వరలిపి

ఒక చిన్న సంగీత రచన వెనుక స్నేహితుల పాత్రను చరిత్ర విద్యార్థి ఎలా నిర్ధారించాలో ఈ భాగంలో తెలుసుకుందాం. ప్రేరణ ఇవ్వడం, బాణీ కట్టడం, స్వరలిపి రాయడం మూడు వేర్వేరు పనులు. వీటిని కలిపేస్తే ఒకరి శ్రమ మరొకరి పేరున చేరుతుంది.

మొదట రష్యా ఉదాహరణ చూద్దాం. వాస్తుశిల్పి, చిత్రకారుడు విక్టర్ హార్ట్‌మన్ 1873లో 39 ఏళ్లకే మరణించాడు. మరుసటి ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. దాన్ని చూసిన మిత్రుడు ముసోర్గ్‌స్కీ 1874 జూన్‌లో, సుమారు మూడు వారాల్లో, 10 చిత్రాలకు 10 చిన్న పియానో రచనలు చేశాడు. ఒక దానిలో బరువైన ఎడ్లబండి నడక వినిపిస్తుంది: ఎడమచేయి మంద్ర స్వరాలను ఆగకుండా మోగిస్తుంది. చిత్రానికీ చిత్రానికీ మధ్య ప్రేక్షకుడి నడకను సూచించే స్వరం మళ్లీ మళ్లీ వస్తుంది. ఇక్కడ స్నేహితుడు ప్రేరణ మాత్రమే; బాణీ, స్వరలిపి రెండూ ముసోర్గ్‌స్కీవే. ఆ చిత్రాల్లో చాలావరకు నేడు లభించవు. సంగీతం మిగిలింది.

ఇప్పుడు రాయలసీమకు వద్దాం. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చారు. ఆహ్వానించినది ఆయన మిత్రుడు, ఐరిష్ కవి, కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. అక్కడ ఠాగూర్ 'జనగణమన' పాడి వినిపించారు. జేమ్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతంలో పట్టభద్రురాలు. ఆమె ఆ పాటకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాశారు. ఠాగూర్ స్వయంగా ఆంగ్లానువాదం చేశారు.

బాణీ మదనపల్లెలోనే పుట్టిందని మన ప్రాంతంలో తరచు వింటాం. కానీ ఆ పాటను 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సమావేశంలోనే పాడారు. అంటే మదనపల్లెకు ఏడేళ్లకు ముందే పాట జనం మధ్యకు వచ్చింది. కనుక మార్గరెట్‌ను బాణీకర్త అనడం సరికాదు. అలాగని ఆమె పని చిన్నది కాదు. స్వరలిపి ఉంటే, పాటను ఎన్నడూ వినని వారు కూడా పియానో ముందు కూర్చుని వాయించగలరు. 1950 జనవరి 24న జాతీయగీతంగా ఆమోదం పొందిన ఈ పాట పూర్తి నిడివి దాదాపు 52 సెకన్లు.

ఈ పాఠం మీ ఊరికీ వర్తిస్తుంది. గుమ్మఘట్ట వంటి మెట్ట ప్రాంతంలో చెక్కభజన పాటలు, నాట్లు, కోతల పాటలు ఎక్కువగా నోటి నుంచి నోటికే నడుస్తాయి. పాడే పెద్దవారు పోతే, రాసిపెట్టని పాట కూడా వారితోనే పోతుంది.

అభ్యాసం: మీ ఊళ్లో ఒక పాట ఎంచుకుని సేకరించండి. కట్టినవారు ఎవరు, ఎవరి జ్ఞాపకంగా కట్టారు, మీకు పాడి వినిపించినవారు ఎవరు, రాసుకున్న తేదీ ఏది: నాలుగూ విడివిడిగా నమోదు చేయండి. జవాబు దొరకని చోట ఖాళీగా వదలండి, ఊహతో నింపకండి.