ఎండను తూచిన వారు

సంఘ ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయమని మిత్రులు కోరారు. హనుమాన్ జంక్షన్‌లో ఉంటూ సూర్యుణ్ణి తలచుకోకుండా ఎలా? ఊరికి పేరిచ్చిన స్వామి పసితనంలో సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన కథ మనందరం ఎరిగినదే. ఆ పండు వేడి ఎంతో కచ్చితంగా చెప్పడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్లు దాటింది.

మన పరిసరాలకు సూర్య పరిశీలనతో పాత పరిచయమే ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుండి, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ మచిలీపట్నం నుండి పరిశీలించారు. అయితే వారు వెదికింది ఆ వెలుగులో ఏమున్నదని. నేల మీద ఎంత పడుతున్నదన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఫ్రాన్సులో పూయే అనే ఆయన నీరు నింపిన నల్లని పాత్రను ఎండలో వేడెక్కించి, 1838లో ఒక జవాబు ప్రకటించాడు. వాతావరణం పైన చదరపు మీటరుకు సుమారు 1,228 వాట్లని దాని అర్థం. నేటి లెక్క 1,361. ఆ రోజుల సాధనాలతో అంత దగ్గరికి రావడం మాటలా!

అసలు చమత్కారం స్వీడన్ దేశస్థుడు నూట్ ఆంగ్‌స్ట్రోమ్‌ది (1893). ఒకే తీరు నల్లరేకులు రెండు తీసుకుని ఒకదాన్ని ఎండకు పెట్టాడు. నీడలో ఉన్న రెండవదానికి కరెంటు ఇచ్చాడు. రెండూ సమానంగా వేడెక్కేదాకా కరెంటును సరిచేస్తే, ఆ కరెంటు శక్తే ఎండ శక్తి! అంటే ఎండను ఆంపియర్లతో తూచాడన్నమాట. విద్యుత్ శాఖలో మీటర్లు పరీక్షించిన మిత్రులకు దీని అందం వేరే చెప్పనక్కరలేదు.

చిక్కల్లా తూనికరాళ్ల దగ్గర వచ్చింది. యూరపు వారి కొలమానానికీ, అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ కొలమానానికీ మధ్య మూడున్నర శాతం తేడా. 1956లో రాజీగా ఒక అంతర్జాతీయ కొలమానం పెట్టుకున్నారు. అదీ తక్కువ చూపుతున్నదని తరువాత తేలింది. 1977లో ప్రపంచ వాతావరణ సంస్థ అంగీకరించిన ప్రమాణం ప్రకారం పాత అంకెలను 2.2 శాతం పెంచాలి. ఈ సవరణ మరచి పాత రికార్డును కొత్తదానితో పోలిస్తే, సూర్యుడేమీ మారకుండానే ఎండ పెరిగినట్టు కనిపిస్తుంది!

మన దేశంలో ఈ పని చేసిపెట్టినది అన్నా మణి. 1918లో తిరువాన్కూరు సంస్థానంలోని పీరుమేడులో జన్మించి, సి.వి.రామన్ వద్ద పరిశోధన చేసి, 1948లో పూనాలోని వాతావరణ శాఖలో చేరారు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాలను నెలకొల్పారు. మొదట విదేశీ పరికరాలు తెప్పించినా, త్వరలోనే ఇక్కడే తయారుచేయించారు. వాటిని సరిచూసే ఏర్పాటు కూడా పూనాలోనే. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశాక 1980లో ఆమె వెలువరించిన అంకెల గ్రంథంలో మన విశాఖపట్నం కూడా ఉన్నది. పెన్షను పుచ్చుకుంటూ అంత గ్రంథం తెచ్చిన ఆమెను మన సంఘీయులు గమనించాలి! 2001లో తిరువనంతపురంలో కన్నుమూశారు.

ఆరుబయట గాజు గోపురం కింద ఉండే పైరానోమీటరు ఆకాశమంతటి వెలుగును కొలుస్తుంది. గాజుపై దుమ్ము పడుతుంది, లోపలి నల్లరంగు ఏళ్ల తరబడి ఎండకు వెలుస్తుంది. పరికరం మొరాయించదు, తప్పు అంకెను బుద్ధిగా చూపుతూనే ఉంటుంది. అందుకే సూర్యుని వైపే గురిపెట్టే ప్రమాణ పరికరాన్ని పక్కన ఉంచి సరిచూస్తారు. పైరానోమీటరుపై ఒకసారి ఎండ పడనిచ్చి, ఒకసారి చిన్న బిళ్లతో సూర్యుణ్ణి మరుగుపరచి, రెండు రీడింగుల తేడా తీస్తారు. ఆ తేడా, సూర్యుడున్న ఎత్తును బట్టి ప్రమాణ పరికరం చెప్పే లెక్కకు సరిపోవాలి. ఈనాడు మేడలపై సోలారు పలకలు పెట్టించుకునేవారికి ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో చెప్పే అంచనాకు మూలం ఇటువంటి కొలతలే.

ఆ ప్రమాణ పరికరాలకూ పరీక్ష తప్పదు. స్విట్జర్లాండులోని దావోస్‌లో 1959 నుండి సుమారు ఐదేళ్లకొకసారి పలు దేశాల వారు తమ పరికరాలను తెచ్చి, పక్కపక్కన నిలిపి, మబ్బు విడిచే ఘడియ కోసం మూడు వారాలు కాచుకుంటారు. 2020లో జరగవలసిన పోలిక కరోనా వలన 2021లో జరిగింది.