నేత్రచికిత్స – పరిచర్య



నర్సువిద్య నభ్యసించుచున్నవారికి కంటిజబ్బులను గూర్చి నాలుగుమాటలు చెప్పుమని నన్ను కోరిరి. నేను వైద్యుడను గాను. పాతబస్తీ పాఠశాలలలో చిరకాలము తెలుగు చెప్పి విశ్రమించినవాడను. కావున మందుల మాట వైద్యులకు వదలి, ఈ చికిత్సాచరిత్రలో మీ పని యెంత పాతదో చెప్పెదను.

చార్మినారు చుట్టుపట్ల బజారులలో సుర్మా నేటికిని అమ్ముచున్నారు. కన్నులకు చలువ యని పసిపిల్లలకు సైతము పెట్టుదురు. అరబ్బీలో కాటుకను కుహ్ల్ అందురు. నేత్రవైద్యునకు కహ్హాల్ అను పేరు దానినుండియే వచ్చినది. బాగ్దాదు నేత్రవైద్యుడు అలీ ఇబ్న్ ఈసా సుమారు వెయ్యేండ్ల క్రిందట 130కి పైగా కంటిజబ్బులను వర్ణించెను. మన సుశ్రుతుడు 76 లెక్కించెను. అంజనమును ఇరువురి శాస్త్రములును మెచ్చినవే. అయినను ఒక్కమాట. నేడు సుర్మా పేర అమ్ముడగు పొడిలో తఱచుగా సీసము ఉండునని పరీక్షలలో తేలినది. సీసము పిల్లల మెదడునకు చేటు. తల్లులకు ఈ సంగతి నొప్పింపక చెప్పవలసినవారు మీరే.

శుక్లమును పాతబస్తీలో మోతియాబిందు అందురు. అది కంటిపై పెరుగు పొర గాదు. లోపలి కటకము మసకబాఱుట. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున దీనికి శస్త్రకర్మ కలదు. యవగింజ వంటి మొనగల శలాకతో కంటిని వేధించి, చూపున కడ్డుపడినదానిని తొలగింతురు. ఎడమకంటికి కుడిచేయి, కుడికంటికి ఎడమచేయి వాడవలెనట! అయినను నన్నాకర్షించినది శస్త్రము గాదు, దాని తరువాతి భాగము. కంటికి నేయి పూసి, గుడ్డతో కట్టి, దుమ్ము, పొగ, ఎండ సోకని గదిలో రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. దగ్గు, తుమ్ము, త్రేన్పు, ఉమ్మివేయుట కూడదు. మూడేసి దినముల కొకసారి కట్టు విప్పి కన్ను కడుగవలెను. పదిదినము లిట్లు కాచవలెను. ఇన్ని నియమములను కన్నులకు కట్టున్నవాడు తానై పాటింపగలడా? ప్రక్కన నొకరు మేలుకొని యుండవలెను. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను. మీరు మూడవ పాదము.

ఆ పద్ధతిలో కటకము కంటిలోనే మిగిలిపోవును. వాపు వచ్చి, చీముపట్టి చూపు పోయినవారు అనేకులు. ఫ్రెంచివైద్యుడు డావియేల్ 1747లో దానిని బయటికి తీయు మార్గము పట్టెను. అయినను రోగికి వెల్లకిల పరుండుట తప్పలేదు.

1972లో మా నాయనమ్మకు కుడికంటి శుక్లము తీసిరి. శాలిబండనుండి రిక్షాలో ఆసుపత్రికి గొనిపోయితిమి. రెండుకన్నులకును కట్టు, తలకు ఇరుప్రక్కల ఇసుకసంచులు. రాత్రి కాపలా నావంతు. నాకు పండ్రెండేండ్లు. మూడవనాటి రాత్రి నిద్రపోతిని. మంచినీళ్లకై నన్ను రెండుమార్లు పిలిచెనట. నేను పలుకకపోగా తానే లేచి, తడుముకొనుచు నడచి, గోడకు తగిలి పడెను. కుట్లు తెగినవి. ఆ కంటికి మఱి చూపు రాలేదు. ఇంటివారు నన్ను కోప్పడగా, “పసిబిడ్డ, నిద్ర రాదా యేమి?” అని ఆమెయే అడ్డుపడెను. రెండవకంటికి చికిత్స చేయించుకొమ్మన్న ఒప్పుకొనలేదు. కడవఱకు నా భుజము పట్టుకొనియే నడచినది.

లండనులో హెరాల్డ్ రిడ్లే 1949లో కృత్రిమకటకమును కంటిలో నమర్చెను. నేడు శుక్లము తీయించుకొన్నవారు తఱచుగా ఆనాడే ఇంటికి పోవుచున్నారు. ఇసుకసంచులు పోయినవి, కాపలా మాత్రము ఇంటికి మాఱినది. క్రిందిఱెప్పను మెల్లగా లాగి, సీసామూతి కంటికి తగులకుండ చుక్క వేయుట ఇంటివారికి మీరే చేసి చూపవలెను.

రేచీకటి తఱచుగా విటమిన్ ఏ లోపమువలన కలుగును. పిల్లలకు ఆఱునెలల కొకసారి 2,00,000 యూనిట్ల మోతాదు నిచ్చు పథకము 1970లో మొదలైనది. దానికి ఆధారమైన పరిశోధన మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో జరిగినది.

ఇక ఎఱ్ఱకన్ను. కండ్లకలకలో పుసి కట్టును, కన్ను గఱగఱలాడును. చూపు సాధారణముగా చెడదు. ఎఱుపుతో పాటు కన్ను తీవ్రముగా నొచ్చి, చూపు మసకబాఱి, వాంతులై, దీపము చుట్టు రంగులవలయములు కనబడుచున్న అది కండ్లకలక గాదు, నీటికాసులు కావచ్చును. ఒక్కపూట ఆలస్యమైనను పోయిన చూపు తిరిగి రాకపోవచ్చును. అట్టివారిని వరుసలో నిలుపక వెంటనే వైద్యునియొద్దకు పంపుడు.